తండా: రెండక్షరాల మాట వెనక దారి

ఏటా జూన్‌లో బడి తెరిచాక రిజిస్టర్లు రాస్తుంటే మాకు ఒక సంగతి కనబడుతుంది. ఒకటో తరగతిలో బిడ్డను చేర్చడానికి వచ్చిన తండ్రి, ఊరి పేరు అడిగితే "ఫలానా నాయక్ తండా" అని గట్టిగా చెబుతాడు. అదే తండా నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాడు స్కాలర్‌షిప్ అప్లికేషన్ తనే నింపుకుంటే "ఫలానా నగర్" అని రాస్తాడు. తండా అన్న మాట మాయం.

"ఎందుకు కొట్టేశావురా?" అని అడిగితే తల దించుకుంటాడు. మళ్ళీ అడిగితే, "తండా అంటే నవ్వుతారు సార్" అంటాడు.

నవ్వేవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు మనకే ఆ మాట గురించి ఎంత తెలుసు? ఊరి పేరు మార్చుకుందామని, బోర్డు మీద తండా తీసేసి నగర్ అనో, పురం అనో, కాలనీ అనో రాయించుకుందామని అనుకునే యువకులు ఈ మధ్య ఎక్కువవుతున్నారు. పేరు మార్చుకునే హక్కు ఊరివాళ్ళది. దాన్ని మేము కాదనం. కానీ ఒక మాటను పారేసే ముందు అది ఏ దారిన మన దాకా వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి కదా. ఈ వ్యాసం అందుకోసమే.

ఒకే చప్పుడు, వేరే మాటలు

ఇప్పుడు ప్రతి పిల్లవాడి చేతిలో సెల్ ఉంది. తండా అని కొడితే ప్రపంచంలోని భాషలన్నీ వచ్చి మీద పడతాయి. వాటిలో కొన్నిటిని వరసగా చూద్దాం.

మలేసియా, ఇండోనేసియా దేశాల్లో 'తండా' అంటే గుర్తు. అక్కడ సంతకాన్ని 'తండా తాంగన్' అంటారు, అంటే చేతి గుర్తు. ఫిలిప్పీన్స్‌లోని తగలాగ్ భాషలో కూడా 'తండా' అంటే గుర్తే. అదే మాట నుంచి గుర్తుపెట్టుకోవడం అన్న క్రియ వచ్చింది. ముసలివాళ్ళను 'మతండా' అంటారు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో 'తండా' అంటే పరుచుకోవడం, 'కితండా' అంటే మంచం. స్పానిష్ భాషలో 'తందా' అంటే వంతు, విడత. మెక్సికోలో అదే మాటకు ఇంకో వాడుక ఉంది. పదిమంది కలిసి నెలనెలా డబ్బు వేసుకుని, వంతులవారీగా ఒక్కొక్కరు తీసుకునే ఏర్పాటును అక్కడ 'తందా' అంటారు. మన ఊళ్ళలో చీటీ అంటామే, అలాంటిదే.

ఇంత దూరం పోనక్కర్లేదు. హిందీలో 'ఠండా' అంటే చల్లన. అది సంస్కృతంలోని 'స్తబ్ధ' నుంచి మారుతూ వచ్చిన మాట. మనం రోజూ అనే 'తంటా' ఉంది. దానికి హిందీలో 'టంటా' ఉంది, తగవు అని అర్థం.

ఇవన్నీ చూసి "మా మాట ప్రపంచమంతా ఉంది, మేమే అన్ని దేశాలకూ పోయాం" అని రాసేవాళ్ళు ఉన్నారు. తండాకూ శివుడి తాండవానికీ ముడి పెట్టేవాళ్ళూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ చరిత్ర చెప్పే పంతుళ్ళుగా మేము అలా చెప్పలేం. మనిషి నోట్లో పుట్టే శబ్దాలు కొన్నే. రెండక్షరాల మాటలు వేరువేరు చోట్ల విడివిడిగా పుట్టి ఒకేలా వినబడటం వింతేమీ కాదు. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలు క్లాసులో ఉంటే వాళ్ళు అన్నదమ్ములని అనుకోం. ఇంటిపేరు అడుగుతాం, ఊరు అడుగుతాం.

మాటలకూ అలాగే మూడు ప్రశ్నలు వేయాలి. అర్థం కలుస్తుందా? ఆ రెండు భాషల మధ్య జనం నడిచిన దారి ఉందా? ఆ మాటతో పాటు దాని చుట్టాల్లాంటి మాటలు కూడా కలుస్తున్నాయా? మలయ్ 'తండా'నూ తగలాగ్ 'తండా'నూ ఈ మూడు ప్రశ్నలతో చూడండి. రెండూ గుర్తు అనే చెబుతాయి. రెండు భాషలూ ఒకే కుటుంబానివి. సముద్రం మీద రాకపోకలూ ఉన్నాయి. కాబట్టి వాటికి చుట్టరికం ఉంది. మా తండాకు వాటితో శబ్దం తప్ప మరేదీ కలవదు.

మరి తెలుగులోనే ఉన్న 'తండోపతండాలు' సంగతేమిటి? తిరునాళ్ళకు జనం తండోపతండాలుగా వచ్చారంటాం. పాత తెలుగులో 'తండము' అంటే గుంపు, సమూహం. కావ్యాల్లో ఉన్న మాట అది. అర్థం దగ్గరగానే ఉంది. కానీ మా వాళ్ళు తెలుగు నేలకు వచ్చి ఈ మాట నేర్చుకోలేదు. రాకముందే, ఉత్తరాదిన తిరిగే కాలంలోనే వాళ్ళకు తండా ఉంది. దానికి సాక్ష్యం రాతలో ఉంది.

1632లో దొరికిన సాక్ష్యం

లంబాడీలు, సుగాలీలు, బంజారాలు అని బయటివాళ్ళు పిలిచే మేము మాలో మేము 'గోర్' అనుకుంటాం. మా భాష గోర్ బోలి. అది రాజస్థానీ, గుజరాతీ వంటి భాషలకు దగ్గర చుట్టం. గ్రియర్సన్ చేసిన భారతీయ భాషల సర్వేలో కూడా దాన్ని అటువైపు భాషలతోనే చేర్చారు. ఆ భాషలో తండాను 'తాండో' అంటాం. హిందీలో, మరాఠీలో 'తాండా' అంటే ఎడ్ల మీద సరుకు వేసుకుని పోయే వర్తకుల బిడారు. సింధు దేశంలో 'టండో' పేరుతో మొదలయ్యే ఊళ్ళు ఉన్నాయి: టండో అల్లాయార్, టండో ఆదం, టండో ముహమ్మద్ ఖాన్. ఊరు నిలిపిన పెద్ద పేరు పక్కన టండో చేరుతుంది. మా తండాలకు నాయక్ పేరు చేరినట్టే.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా నుంచి పాట్నా వైపు పోతూ దారిలో ఒక బంజారా బిడారును చూశాడు. తన డైరీలో దాన్ని 'తండా' అనే రాసుకున్నాడు. అందులో 14,000 ఎడ్లు ఉన్నాయని, అన్నిటి మీదా ధాన్యం ఉందని లెక్క చెప్పాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి రాశాడు. ఆ ఎడ్లు వాళ్ళ సొంతం. భార్యాబిడ్డలు, ఇంటి సామాను అంతా వెంటే ఉంటుంది. అనేక కుటుంబాలు కలిస్తే ఒక తండా.

అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట తండా అన్నది ఒక చోటు పేరు కాదు. నడిచే ఊరు పేరు. ఊరే ఎడ్ల మీద పోతుంది. పొద్దు గూకితే దిగుతుంది, తెల్లారితే లేస్తుంది. రోజుకు మూడు కోసులు, నాలుగు కోసుల నడక. ఎడ్లు మేస్తూ పోవాలి కాబట్టి అంతకన్నా తొందర పనికిరాదు. మేత దారిలోనే దొరుకుతుంది కాబట్టి రవాణా ఖర్చు తక్కువ. బళ్ళు పోలేని కొండ దారుల్లో, రోడ్లు లేని అడవుల్లో అంత ధాన్యాన్ని ఇంకెవరూ తీసుకుపోలేకపోయారు.

అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా పది పన్నెండు వేల ఎడ్లు ఒకేసారి ఎదురైతే దారి కోసం రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదని రాశాడు. ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు, ఒక్కో సరుకు మోసే వాళ్ళు ఒక్కో వర్గంగా ఉండేవాళ్ళని చెప్పాడు. మా పెద్దలు ఈ వర్తకాన్ని 'లదేణి' అంటారు, ఎడ్ల మీద లాదడం, అంటే బరువు ఎత్తడం. బంజారా అన్న పేరుకు వాణిజ్యం, లంబాడీ అన్న పేరుకు లవణం మూలమని పండితులు చెబుతారు. వర్తకం, ఉప్పు: మా రెండు పేర్లలోనూ మా పనే ఉంది.

ఉప్పు పైకి, పత్తి కిందికి

దక్కన్‌కు మా వాళ్ళు మొగలు సేనల వెంట ధాన్యం మోస్తూ వచ్చారని చెబుతారు. 1630 ప్రాంతంలో భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులు లక్షా ఎనభై వేల ఎడ్లతో వచ్చారన్న కథ మా వాళ్ళ నోట ఉంది. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలోకి కూడా అది ఎక్కింది. ఆ లెక్క ఎంత నిజమో గానీ దారి మాత్రం నిజం. సేవాలాల్ మహరాజ్ 1739లో గుత్తి దగ్గర పుట్టాడని మా సంప్రదాయం. అంటే అప్పటికే రాయలసీమలో తండాలు తిరుగుతున్నాయి.

ఈ గుంటూరు, ప్రకాశం నేలకు ఆ దారితో ఏం సంబంధం? మ్యాపు తీసి చూస్తే తెలుస్తుంది. తూర్పున సముద్రం, ఉప్పు కొఠార్లు. చినగంజాం ఉప్పు ఇప్పటికీ పేరున్నదే. పడమట నల్లమల, ఉత్తరాన కృష్ణ దాటితే నైజాం. లోపలి నేలలో ఉప్పు పండదు. ఉప్పు లేని ఇల్లు లేదు. అందుకని కోస్తా నుంచి ఉప్పు ఎడ్ల మీద లోపలికి పోయేది. తిరుగు దారిలో బీరారు వంటి చోట్ల నుంచి పత్తి కోస్తా నేతగాళ్ళ దాకా వచ్చేది. మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన బట్టల్లో మా ఎడ్లు మోసిన పత్తి కూడా ఉంది.

ఈ పనిలో మేమొక్కళ్ళమే కాదు. ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్ళమ్మట తిరిగేవాళ్ళు. పెరికలు పెరికెల్లో సరుకు మోసేవాళ్ళు. ఇప్పుడు మనల్ని ఊరి చివర నిలబెట్టి చూసేవాళ్ళ తాతల ఇళ్ళలో కూర చప్పబడకుండా చూసింది మన తాతలే. ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

దారి మూసుకుపోయింది

1791–92లో టిప్పు సుల్తాను మీద యుద్ధంలో కారన్‌వాలిస్ సేనకు తిండి గింజలు అందించింది బంజారాలు. తర్వాత వెల్లెస్లీ కూడా వాళ్ళ మీదే ఆధారపడ్డాడు. కుంపిణీకి అవసరం ఉన్నన్నాళ్ళు తండా తిరగడం మంచి పనే.

తర్వాత ఒక్కొక్కటిగా దారులు మూశారు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు వ్యాపారాన్ని తన గుత్తాధిపత్యం కిందికి తీసుకుంది. ఎక్కడ పడితే అక్కడ కొని ఎక్కడ పడితే అక్కడ అమ్మే స్వేచ్ఛ తగ్గిపోయింది. రోడ్లు పడ్డాయి, బళ్ళు పెరిగాయి. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి గుంతకల్లు నుంచి మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా రైలు గుంటూరు, బెజవాడ వైపు నడిచింది. వెయ్యి ఎడ్లు వారాల తరబడి మోసే సరుకును రైలు ఒక్క రోజులో మోసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది. ఎద్దు మేయాలంటే పుల్లరి కట్టాలి. పల్నాటిలో ఈ పుల్లరి మీదే పోరాటం నడిచింది, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణం ఇచ్చాడు.

బతుకు పోయింది చాలదన్నట్టు ఇంకో దెబ్బ తగిలింది. 1871లో ఉత్తరాదిన నేరస్త తెగల చట్టం చేశారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. తిరిగే జనం అంటే దొంగలే అన్న లెక్క. నిన్నటి దాకా సేనకు అన్నం మోసిన నడకే ఇవాళ నేరమైంది. ఈ చట్టం దెబ్బ మన జిల్లాల్లో ఎక్కువగా తిన్నది ఎరుకల సోదరులు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ కాలందే, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద వెలిసింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. చట్టం పోయినా మాట మిగిలింది.

ఈ క్రమంలోనే తండా నిలిచిపోయింది. ఎడ్లు అమ్ముకున్నాక మా ముత్తాతలు ఎక్కడ దిగారో అక్కడే గుడిసెలు వేసుకున్నారు. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి, పుల్లలచెరువు, యర్రగొండపాలెం వైపు చూడండి. తండాలు చాలావరకు అడవి అంచున, మెట్ట నేలల్లో, ఊరికి దూరంగా ఉంటాయి. మంచి నేలలు అప్పటికే ఊళ్ళవి. నడిచే ఊరు ఆగిపోయింది గానీ పేరు మారలేదు. బిడారు అన్న అర్థం పోయి పల్లె అన్న అర్థం వచ్చింది. ఈ ఒక్క మాట అర్థం మారడంలో మా నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

పక్క మాటలు కూడా చూడండి

ఇది తండా ఒక్కదాని కథ కాదు. నల్లమలలో చెంచుల పల్లెను 'పెంట' అంటారు. అప్పాపూర్ పెంట, ఫర్హాబాద్ పెంట అని పేర్లు. బయట ఊళ్ళలో పెంట అంటే చెత్తకుప్ప. చెంచు పిల్ల హాస్టల్‌లో తన ఊరి పేరు చెబితే క్లాసంతా నవ్వుతుంది. తప్పు ఆ పిల్లది కాదు, ఊరిది కాదు. ఒక మాటకు రెండు చోట్ల రెండు అర్థాలున్నాయని చెప్పని చదువుది. ఆ రోజు పంతులు పాఠం ఆపి ఆ మాట గురించి రెండు నిమిషాలు చెబితే, ఆ పిల్ల మర్నాడు బడికి వస్తుంది.

'సెటిల్మెంట్' చూడండి. ఇప్పుడు కుర్రాడికి ఉద్యోగం వస్తే లైఫ్‌లో సెటిల్ అయ్యాడంటాం. అదే మాట మన ఎరుకల తాతలకు ముళ్ళకంచె, హాజరు పట్టీ.

తండా తీసేసి పెట్టుకుందామంటున్న 'కాలనీ' సంగతి ఏమిటి? అది లాటిన్ మాట. అక్కడ 'కోలోనుస్' అంటే సేద్యగాడు, 'కొలోనియా' అంటే రోమన్లు గెలిచిన నేలలో తమ జనాన్ని దింపిన ఊరు. ఆ మాటే ఇంగ్లీషులోకి వచ్చి, మనల్ని ఏలిన వలస పాలనకు పేరైంది. ఇప్పుడు పట్నంలో ఉద్యోగుల ఇళ్ళుంటే ఆ కాలనీకి గౌరవం. పల్లెలో ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీ అంటే అదే మాటకు వేరే చూపు. కాబట్టి చిన్నచూపు మాటలో లేదు. పలికే నోట్లో ఉంది. మాట మార్చినంత మాత్రాన ఆ నోరు మారదు. పదేళ్ళకు కొత్త పేరును కూడా అలాగే పలుకుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా వాళ్ళను బయట నుంచి వచ్చినవాళ్ళని ఎత్తిపొడిచే వాళ్ళున్నారు. గుంటూరుకు దేశమంతటా పేరు తెచ్చిన మిరప ఎక్కడిది? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో పదహారో శతాబ్దంలో వచ్చింది. మనవాళ్ళు పాత మిరియం పేరు మీద దానికి మిరప అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ మిరపను పరాయిదని ఎవరైనా అంటున్నారా? ఈ నేల తిన్నది, ఈ నేలకు ఇచ్చింది. మేమూ అంతే.

ఇప్పటి తండా

జనవరి వచ్చిందంటే మిరప కోతలు. పై ఊళ్ళ నుంచి మేస్త్రి వస్తాడు. ట్రాక్టర్లలో, టాటా ఏస్‌లలో తండాకు తండా కదులుతుంది. వంట గిన్నెలు, దుప్పట్లు, చంటిబిడ్డలు, అన్నీ వెంటే. పీటర్ మండీ చూసిన నడిచే ఊరు మళ్ళీ మా కళ్ళ ముందు కనబడుతుంది. తేడా ఒక్కటే. అప్పుడు ఎద్దు మాది, సరుకు మాది, బేరం మాది. ఇప్పుడు చేతులు మాత్రమే మావి. ఒకప్పుడు ఎడ్ల మీద పత్తి తెచ్చినవాళ్ళ మనవళ్ళు ఇవాళ ఇంకొకరి చేలో పత్తి తీసి, కిలోల లెక్కన కూలి తీసుకుంటున్నారు.

ఆ మూడు నెలలూ మా బడిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. కొందరు పిల్లలు సీజనల్ హాస్టల్‌లో ఉంటారు, కొందరు అవ్వ దగ్గర. మిగిలినవాళ్ళు చేల గట్ల మీద. తిరిగి వచ్చేసరికి లెక్కల్లో రెండు పాఠాలు అయిపోయి ఉంటాయి. పేరు బోర్డు మార్చడానికి కలిసే యువకులు ఈ ఖాళీ బెంచీల కోసం కూడా కలిస్తే ఎంత బాగుండును అని మాకు ప్రతి ఏడాదీ అనిపిస్తుంది.

ఇక సర్కారు లెక్కల్లో తండా ఏమిటి? చాలాకాలం అది పెద్ద ఊరికి శివారు, అంతే. నీళ్ళైనా, వీధి దీపమైనా, పంచాయతీలో మాటైనా ముందు పెద్ద ఊరికి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఐదు వందల జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అక్కడ సర్పంచి కుర్చీ వెనక గోడ మీద 'తండా గ్రామ పంచాయతీ' అని రాసి ఉంటుంది. కర్ణాటకలో తండాల అభివృద్ధికి ఆ పేరుతోనే ప్రభుత్వ కార్పొరేషన్ ఉంది. ఇలాంటివి అడగాలన్నా తండా అన్న మాట ఉండాలి. బోర్డు మీద నగర్ అని రాసుకుని ఆఫీసులో తండా నిధులు అడగలేం.

అదే జనం రాష్ట్రం దాటితే జాబితాలు మారతాయి. మన దగ్గర మేము ఎస్టీలం. కర్ణాటకలో మా వాళ్ళు ఎస్సీలు. మహారాష్ట్రలో విముక్త జాతి. తెలంగాణలో 1976 చట్ట సవరణ తర్వాతే ఎస్టీలయ్యారు. కాగితం మీద గీతలు ఇన్ని రకాలుగా పడ్డాయి. ఆ గీతలన్నిటికీ అటూ ఇటూ ఉన్న జనం ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టే మాటల్లో ఇదొకటి. నాందేడ్‌లో అయినా, విజయపురలో అయినా, వినుకొండలో అయినా "మీ తండా ఏది?" అని అడిగితే అడిగినవాడు మనవాడని తెలుస్తుంది.

చేయవలసిన పని

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక్క పేజీ పని ఇవ్వండి. తండా పిల్లలకైతే ఇవి అడగండి: మీ తండా ఏ నాయక్ పేరు మీద ఉంది? ఇక్కడికి ముందు ఎక్కడ దిగింది? మీ ఇంట్లో ఎడ్ల గురించి, లదేణి గురించి ఎవరికి ఏం గుర్తుంది? చెంచు పిల్లలను పెంట గురించి, యానాది పిల్లలను తమ సంఘం గురించి, ఎరుకల పిల్లలను తమ ఊరి పేరు గురించి అడగండి. రాయగలిగినంత రాయమనండి. తప్పులు దిద్దకుండా ముందు చదవండి. ఆ పేజీలు కుట్టి బడిలో పెట్టండి. ఎనభై దాటిన అవ్వలు, తాతలు తగ్గిపోతున్నారు. వాళ్ళతో పోయేది ఏ లైబ్రరీలోనూ దొరకదు.

మేము ఈ పని మొదలుపెట్టినప్పుడు, ఊరి పేరు దగ్గర నగర్ అని రాసిన పిల్లవాడే ఒక పేజీ తెచ్చాడు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు ఇంట్లో ఎద్దు మీద వేసే పాత గోతం ఉండేదట. రెండు వైపులా సంచి, మధ్యలో గవ్వలు కుట్టిన పట్టీ. "అది ఏమైంది?" అని అడిగాం. "చిరిగిపోతే చలికి కప్పుకున్నారంట సార్" అన్నాడు.

పేజీ పైన ఊరి పేరు రాశాడు. ఈసారి తండా కొట్టేయలేదు.